ఇసుకలో పాతిపెట్టిన కారు

పాత కారులో ఉన్న ఇంజను పీకేసి, అంతకంటే బలమైనది తెచ్చి బిగించడం ఈకాలపు కుర్రకారు సరదా అని చాలామంది అనుకుంటారు. దానికో టర్బోచార్జరు కూడా తగిలిస్తే ఇక చెప్పనక్కర్లేదు! నిజానికి ఈ పిచ్చి నూరేళ్ల నాటిది. ఆ పిచ్చిలో ప్రాణం పోగొట్టుకున్న ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. పేరు జాన్ గాడ్‌ఫ్రే పారీ థామస్. మోటారు పందేల సంగతి ఎరిగినవారికి ఆ పేరు కొత్త కాదు. మన ఫిజిక్సు పుస్తకాల్లో మాత్రం కనబడడు.

ఆయన పేరు నేను మొదట విన్నది హాస్టల్లో. సీనియర్ ఒకాయన రాత్రి కరెంటు పోయినప్పుడు చెప్పాడు. రెండు ముక్కల కథ: గంటకు నూటడెబ్బై మైళ్ల మీద పోతుంటే చెయిను తెగి ఎగిరొచ్చి డ్రైవరు తల తీసేసిందని. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఇంట్లో పాత ఆయిల్ ఇంజను ఒకటుంది. అది నడుస్తున్నంతసేపూ మా నాన్న నన్ను బెల్టు తిరిగే వరుసలో నిలబడనిచ్చేవాడు కాదు. తెగిన బెల్టు ఎవరి మొహమూ చూడదని ఆయనకు తెలుసు. అందుకేనేమో ఈ థామస్ ఎవరో కనుక్కోవాలనిపించింది.

1884లో వేల్సులోని రెక్స్‌హామ్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో మతగురువు. లండన్‌లో సిటీ అండ్ గిల్డ్స్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, తర్వాత లేలాండ్ కంపెనీలో చీఫ్ ఇంజనీరయ్యాడు. లారీలు చేసే ఆ కంపెనీ ప్రపంచంలోకెల్లా గొప్ప కారు చేసి చూపిద్దామనుకుంది. ఆ పని థామస్‌కు అప్పగించారు. 1920లో లేలాండ్ ఎయిట్ బయటికొచ్చింది. ఎనిమిది సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న ఇంజను. జనం నోళ్లు తెరుచుకుని చూశారు గాని కొన్నవాళ్లు బహుకొద్దిమంది. తయారైనవే ఇరవైలోపు. కంపెనీ ఆ ముచ్చట కట్టిపెట్టేసింది.

ఇంకొకడైతే వేరే ఉద్యోగం చూసుకునేవాడు. ఈయన బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాకు దగ్గర ఓ చిన్న బంగళాలో మకాం పెట్టి, తాను గీసిన కారును తానే పందేల్లో నడపటం మొదలెట్టాడు. అప్పటికే నలభైకి దగ్గరపడ్డ మనిషి. పందేలకు ప్రత్యేకంగా దుస్తులేమీ లేవు, రంగురంగుల అల్లికల ఊలు స్వెట్టరు ఒకటి వేసుకుని కూచునేవాడు.

ఇక అసలు కథ. లూయీ జ్‌బరౌస్కీ అని ఓ కౌంటు ఉండేవాడు. డబ్బుకు లోటు లేదు, ఇంజన్లంటే ప్రాణం. విమానాల ఇంజన్లు తెచ్చి కార్లలో పెట్టించడం ఆయన వేడుక. హైహామ్‌లోని తన ఎస్టేటులో కట్టించిన ఆఖరి కారులో అమెరికా వాళ్ల లిబర్టీ విమాన ఇంజను బిగించారు. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు, దాదాపు 450 అశ్వశక్తి. లెక్క చూడండి: ఒక్కొక్క సిలిండరే రెండుంపావు లీటర్లు! మన రోడ్ల మీద తిరిగే చాలా కార్లలో మొత్తం ఇంజనే అంతుండదు. గేరుబాక్సు ఒక పాత బెంజ్ రేసు కారుది. అక్కణ్ణుంచి వెనక చక్రాలకు శక్తి పోవడానికి రెండువైపులా చెయిన్లు. సైకిలు చెయిను లాంటిదే, కాకపోతే ఏనుగుకు కట్టే గొలుసంత. అవి తిరిగేది డ్రైవరు పక్కనే.

1924లో ఆ కౌంటు మోన్‌జా పందెంలో చనిపోయాడు. ఆ కారును థామస్ 125 పౌన్లకు కొన్నాడు. ఇక్కడే ఆయనలోని ఇంజనీరు కనిపిస్తాడు. విమానంలో ఇంజను పైకెక్కాక గంటలకొద్దీ దాదాపు ఒకే వేగంతో తిరిగితే చాలు. కారులో అలా కుదరదు, నిలిచిన చోటునుంచి ఒక్క ఊపున అందుకోవాలి. థామస్ నాలుగు జెనిత్ కార్బురేటర్లు పెట్టాడు, పిస్టన్లు తానే గీసి చేయించాడు. కారుకు బాబ్స్ అని ముద్దుపేరు పెట్టుకున్నాడు.

అదే లిబర్టీ ఇంజనుకు 1918లోనే అమెరికాలో టర్బోచార్జరు తగిలించి చూశారు. సాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజనీరు దాన్ని పద్నాలుగు వేల అడుగుల పైక్స్ పీక్ కొండమీదికి లాక్కెళ్లాడు. దిగువన 350 అశ్వశక్తి ఇచ్చేది ఆ పల్చటి గాలిలో 230కి పడిపోయింది. వదిలే పొగతోనే చక్రం తిప్పి గాలిని కూరితే 356కి వచ్చింది. థామస్ ఆ దారి పట్టలేదు. ఆయన దగ్గర ఊపిరి చాలని ఇంజను కాదుగదా ఉన్నది.

1926 మార్చిలో సెగ్రేవ్ అనే ఆయన నాలుగు లీటర్ల సన్‌బీమ్‌లో, సూపర్‌చార్జరు సాయంతో, గంటకు 152 మైళ్లు దాటి రికార్డు కొట్టాడు. ఏప్రిల్లో థామస్ బాబ్స్‌ను వేల్సులో పెండైన్ అనే ఊరి సముద్రపుటొడ్డుకు తీసుకెళ్లాడు. ఆటు సమయంలో మైళ్లకొద్దీ గట్టి ఇసుక తేలే చోటది. 28వ తేదీన వేగం 170 మైళ్లకు చేరింది. 152కీ 170కీ ఎంతో తేడా లేదనిపిస్తుంది గాని, గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే నలభై శాతం ఎక్కువ కావాలి.

1927 ఫిబ్రవరిలో అదే ఇసుకమీద మాల్కం కాంప్‌బెల్ 174 మైళ్లతో ఆ రికార్డు పట్టుకుపోయాడు. థామస్ నెల తిరక్కుండా మళ్లీ వెళ్లాడు. అప్పటికి ఫ్లూ జ్వరంతో లేచాడు. ఆగి ఉండాల్సింది అని ఇక్కడ కూచుని నేననడం తేలికే. మార్చి 3న పరుగు మధ్యలో బాబ్స్ అదుపు తప్పి బోర్లాపడింది. తలకు దెబ్బ తగిలి థామస్ అక్కడికక్కడే చనిపోయాడు. నలభై రెండేళ్లు. భూమ్మీద వేగం రికార్డుకోసం ప్రయత్నిస్తూ చనిపోయిన మొదటి డ్రైవరు ఆయనే. బ్రూక్‌లాండ్స్ పక్కనే బైఫ్లీట్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. కారును ఆ ఒడ్డునే ఇసుకదిబ్బల్లో గొయ్యి తీసి పాతిపెట్టారు.

కారు భూమిలో ఉన్నన్నాళ్లూ జనంలో చెయిను కథే నిలబడింది. మా సీనియర్ చెప్పింది అదే. 1969లో ఓవెన్ విన్ ఓవెన్ అనే ఇంజనీరింగు లెక్చరరు, అప్పటికి సైన్యం చేతిలో ఉన్న ఆ జాగాలో అనుమతి సంపాదించి, బాబ్స్‌ను తవ్వి తీశాడు. నలభై రెండేళ్లు ఉప్పు ఇసుకలో ఉన్న ఇనుము ఎలా ఉంటుందో సముద్రం పక్క ఊళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ శిథిలాన్ని చూశాక, ముందు విరిగింది కుడివైపు వెనక చక్రమై ఉండాలి, చెయిను తెగడం ఆ తర్వాతే జరిగుండాలి అన్న వాదన బలపడింది. నాకూ అదే సబబనిపిస్తోంది. మొన్న పండక్కి ఇంటికెళ్లినప్పుడు ఈ మాట మా నాన్నతో అంటే, శ్రద్ధగా విని, చక్రం విరిగితే మాత్రం చెయిను ఊరుకుంటుందా అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఓవెన్ ఆ తుక్కును ఇంటికి తీసుకెళ్లి, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూనే ఏళ్ల తరబడి బాగుచేశాడు. దొరకని భాగాలు కొత్తగా చేయించాడు. చివరికి లిబర్టీ ఇంజను మళ్లీ మోగింది, బాబ్స్ తన చక్రాలమీద తాను కదిలింది. చెయిన్లు కూడా ఎప్పటిలాగే రెండుపక్కలా బిగించాడు.