స్టానిస్లావ్ ఉలాము

గణితశాస్త్రము నిశ్చయమునకు నిలయమని మనమందఱము తలంతుము. రెండును రెండును కూడిన నాలుగే యగును గాని మఱియొకటి కానేరదు. అట్టి శాస్త్రమున, చీట్లు వేసి తీసినట్లు వచ్చు సంఖ్యలకును స్థానమిచ్చి, వానిచే కఠినసమస్యలను సాధించు మార్గమును చూపినవారిలో స్టానిస్లావ్ ఉలాము ముఖ్యుడు. ఇతని చరిత్రము మా విద్యార్థులు తెలిసికొనదగినదని యెంచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఉలాము 1909వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన ల్వోవ్ నగరమున యూదుల కుటుంబములో జన్మించెను. ఆ నగరము అప్పుడు ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోనిది. పిమ్మట పోలండులో చేరెను. నేడు ఉక్రెయినులో నున్నది. తండ్రి న్యాయవాది. ఉలాము ఆ నగరములోనే చదివి 1933లో డాక్టరు పట్టమును పొందెను. ఆ కాలమున అచ్చటి గణితజ్ఞులు స్కాటిష్ కాఫీశాలలో కూడి, గంటల తరబడి సమస్యలను చర్చించి, వానిని ఒక పుస్తకమున వ్రాసికొనుచుండిరి. సాధించినవారికి బహుమానములును ప్రకటించుచుండిరి. 1936లో మజూర్ అను పండితుడు ఒక సమస్యకు బహుమానముగా ప్రాణముతోనున్న పెద్దబాతును వాగ్దానము చేసెను. 1972లో ఎన్‌ఫ్లో అను స్వీడను దేశస్థుడు దానిని సాధింపగా మాట తప్పక యిచ్చెను.

1935లో వాన్ నోయిమన్ అను గణితజ్ఞుని యాహ్వానముపై ఉలాము అమెరికాలోని ప్రిన్స్‌టనునకు వెళ్లెను. తరువాత హార్వర్డులో పనిచేయుచు వేసవులందు ఇల్లు చేరుచుండెను. 1939 ఆగస్టు నెలలో తమ్ముడైన ఆదమును వెంటబెట్టుకొని మరల ఓడ యెక్కెను. సెప్టెంబరు 1వ తేదీన యుద్ధము ప్రారంభమయ్యెను. స్వదేశమున నిలిచిన తండ్రియు సోదరియు నాజీల మారణకాండలో హతులైరి. ఆ ఓడప్రయాణమే యన్నదమ్ముల ప్రాణములను కాచినది.

1944లో ఉలాము లాస్ అలమోస్ నందలి అణ్వస్త్ర పరిశోధనలో చేరెను. యుద్ధానంతరము లాస్ ఏంజెలెస్ నగరమున అధ్యాపకుడై యుండగా, 1946 ఆరంభమున అతనికి మెదడువాపు వ్యాధి తగిలి మాట పడిపోయెను. వైద్యులు పుఱ్ఱెను తెఱచి చికిత్స చేసిరి. పిమ్మట శస్త్రవైద్యుడు 13ను 8ని కూడిన నెంతయని యడుగగా ఉలాము సిగ్గుపడి తల యాడించెను. 20కి వర్గమూలమెంతయని యడుగగా సుమారు 4.4 అని చెప్పెను. ప్రాణము దక్కినను, బుద్ధి మునుపటివలె నుండునో యుండదో యను భయము వానిని విడువలేదు. గణితజ్ఞునకు అంతకంటె గొప్ప భయమేమి కలదు? అప్పుడు మిత్రుడైన ఎర్డోష్ వచ్చి, గణితమును గూర్చి మాటలాడి, చదరంగమాడెను. ఆట గెలిచిన ఉలాము, మిత్రుడు తన్నోదార్చుటకై యోడెనేమో యని సంశయించెను. రెండవ యాటయు గెలిచిన పిమ్మట ధైర్యము కలిగెను.

విశ్రాంతి దినములలో ఉలాము పేకముక్కలను పఱచుకొని యొంటరిగా నాడుకొనుచుండెను. ఈ యాట పూర్తిగా సఫలమగుటకు ఎంత యవకాశము కలదని యోచించెను. 52 ముక్కల యమరికలు లెక్కకు మిక్కిలి యగుటచే సూత్రములచే కనుగొనుట దుస్సాధ్యమాయెను. అంతకంటె, ముక్కలను బాగుగా కలిపి నూఱుమారు లాడి, ఎన్నిమారులు నెగ్గెనో లెక్కించుటయే మేలని తోచెను.

గృహిణి కుండలోని యన్నమంతయు పట్టి చూడదు. నాలుగు మెతుకులు పట్టి చూచి ఉడికినదో లేదో చెప్పగలదు. అయితే వానిని ఒకేచోటనుండి తీయరాదు. పక్షపాతము లేకుండ తీసినప్పుడే కొన్ని మెతుకులు కుండయంతటికి సాక్ష్యమగును. పక్షపాతమును తొలగించునది యాదృచ్ఛికము. ఇందును ఒక నియమము కలదు: ఫలితమునందలి పొరపాటు పదియవవంతునకు తగ్గవలెనన్న పరీక్షలు నూఱింతలు చేయవలెను.

ఈ యుక్తి న్యూట్రానులను గూర్చిన సమస్యకు పనికివచ్చునని ఉలాము గ్రహించి వాన్ నోయిమనుతో చెప్పెను. న్యూట్రాను ఎంతదూరము పోవును, ఎచ్చట ఢీకొనును, చెదరునా, లీనమగునా, క్రొత్త న్యూట్రానులను పుట్టించునా యనువానికి వేర్వేఱు అవకాశములు కలవు. ప్రతి మలుపునను ఒక యాదృచ్ఛిక సంఖ్యను తీసి, దానినిబట్టి న్యూట్రాను గతిని నిర్ణయించి, ఇట్లు అనేక న్యూట్రానుల చరిత్రలను వ్రాసిన, సమూహముయొక్క నడవడి తెలియును. 1948లో ఈ గణనలను సుమారు 18,000 శూన్యనాళములు గల ఎనియాక్ అను యంత్రముపై జరిపిరి. ఉలాము బంధువొకడు అప్పుచేసి జూదమునకు మాంటీకార్లో నగరమునకు పోవుచుండెడివాడట; ఆ కథను విన్న మెట్రోపొలిస్ అను సహచరుడు ఈ పద్ధతికి ఆ నగరము పేరే పెట్టెను. 1949లో వారిద్దఱును దీనినిగూర్చి వ్యాసము ప్రకటించిరి.

పేరు జూదపు నగరమునుండి వచ్చినందున తలిదండ్రులు జంకనక్కఱలేదు. మత్తీయ చీట్లచేత నేర్పడిన సంగతి మన మెఱుగుదుము. చీటి యెవని పక్షమును వహింపదు. జూదరి యదృష్టమునకు లోబడును. శాస్త్రజ్ఞుడు దానిని కొలిచి, తన పొరపాటు ఎంతయో తానే చెప్పును.

అయినను ఒక విషయమును దాచరాదు. 1951లో ఉలామును టెల్లరును కనుగొన్న యుపాయముచే హైడ్రోజను బాంబు సాధ్యమయ్యెను. 1952 నవంబరు 1వ తేదీన పసిఫిక్ సముద్రమున జరిగిన పరీక్షలో ఎలుగెలాబ్ అను ద్వీపము రూపుమాసిపోయెను. మాంటీకార్లో పద్ధతి యట్టి యాయుధముల లెక్కలకే మొదట నుపయోగపడెను. నేడు అదే పద్ధతిచే, పుట్టకురుపుగల రోగి దేహమున కిరణములు ఎంతవఱకు చొచ్చునో లెక్కించి, వ్యాధిగల భాగమునకే తగులునట్లును, మంచి మాంసము వీలైనంతవఱకు చెడకుండునట్లును వైద్యులు ఏర్పాటు చేయుచున్నారు. లెక్క యొక్కటే, దానిని వినియోగించు హృదయములు వేఱు.

ఉలాము 1984వ సంవత్సరము మే 13వ తేదీన సాంతాఫే నగరమున మరణించెను.

విద్యార్థులారా! రోగియై, మతి నిలుచునో నిలువదో యని దిగులుపడిన దినములలోనే యతనికి ఈ గొప్ప యూహ కలిగెను. కావున వ్యాధి వచ్చినను, పరీక్షలో తప్పినను నిరాశ చెందకుడు. మీకు లభించు విద్య యెవరికి మేలు చేయునో, ఎవరికి కీడు చేయునో ముందుగా విచారించుకొనుడు. ఆ విచారణను మాత్రము చీట్లకు విడువరాదు.