మైఖేల్ ఫారడే – వేగమును చూపు ముల్లు

పాత మోటారుకారులలో డ్రైవరు ఎదుట వేగమును చూపు గుండ్రని పలక యొకటి యుండును. దానిని స్పీడోమీటరు అందురు. దాని ముల్లు తప్పు చూపినచో ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఆ తప్పును కనిపెట్టు మార్గము, పెట్రోలు మోటారుకారును ఎన్నడును చూడని యొక మహనీయుని జీవితమును చదివినచో మనకు బోధపడును.

మైఖేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను సమీపమున నొక పేద కమ్మరి యింట జన్మించెను. బడి చదువు స్వల్పము. 14వ యేట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణములో పనికి కుదిరి, ఏడు సంవత్సరములు ఆ పని నేర్చెను. అట్ట కట్టుటకు వచ్చిన గ్రంథములనే చదివి, విద్యుచ్ఛక్తిని గూర్చియు రసాయనశాస్త్రమును గూర్చియు తెలిసికొనెను. 1812లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసములను విని, వానిని శుభ్రముగా వ్రాసి, స్వయముగా అట్ట కట్టి ఆయనకు పంపెను. మరుసటి యేడు మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషను ప్రయోగశాలలో సహాయకుడాయెను.

1824లో పారిసు నగరమున ఆరగో యను పండితుడు ఒక వింతను కనుగొనెను. అయస్కాంతపు ముల్లు క్రింద రాగి పళ్లెమును గిరగిర త్రిప్పగా, ముల్లు కూడ దాని వెంట తిరిగెను. రాగిని అయస్కాంతము ఆకర్షింపదు గదా! తిరుగుటవలననే రాగికి అయస్కాంతశక్తి కలుగుచున్నదని కొందరు పండితులు తలంచిరి. ఫారడే ఊహతో తృప్తి చెందలేదు. 1831లో గొప్ప అయస్కాంతపు కొనల నడుమ రాగి పళ్లెమును త్రిప్పి, దానినుండి విద్యుత్ప్రవాహమును రాబట్టెను. అయస్కాంతము చెంత కదలు లోహములో ప్రవాహములు పుట్టుననియు, వాని బలమే ముల్లును లాగుననియు తేటపడెను. కదలిక నిలిచిన, బలమును నిలుచును.

ఫారడే మరణానంతరము, 1902లో, ఓటో షుల్జ్ అను జర్మను ఇంజనీరు ఈ సూత్రముపై స్పీడోమీటరునకు పేటెంటు పొందెను. గేరుబాక్సునుండి వచ్చు కేబులు ఒక అయస్కాంతమును త్రిప్పును. దానిని తాకకుండ అమర్చిన అల్యూమినియపు గిన్నె దాని వెంట తిరుగబోవును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు లాగును. రెండు బలములు సరితూగిన చోట ముల్లు నిలుచును. మైళ్లను లెక్కించు అంకెలు మాత్రము పండ్ల చక్రములతో తిరుగును. వానికి అయస్కాంతముతో పని లేదు.

తప్పును కనిపెట్టుటకు ఈ భేదమే తాళపుచెవి. రద్దీ లేని బాటలో ముల్లును 30 మైళ్లకడ నిలిపి, కొలిచిన యొక మైలు నడుపవలెను; ప్రక్కనున్నవారు గడియారము చూడవలెను. సరిగా 120 సెకండ్లు పట్టవలెను. 150 సెకండ్లు పట్టినచో నిజమైన వేగము 24 మైళ్లే. అప్పుడు మైళ్ల అంకెలను చూడవలెను. అవి ఒక మైలునే చూపినచో చక్రములు, గేర్లు నిర్దోషములు. స్ప్రింగు సడలినదని శంకింపవచ్చును. అవియు ఒకటింబాతిక మైలు చూపినచో, తగినంత పెద్దవి కాని టైర్లో, ఆ బండికి చెందని గేరో కారణము. అయస్కాంతము ముసలిదై బలము తగ్గినచో ముల్లు ఉన్న వేగముకంటె తక్కువ చూపును. ఇదియే మిక్కిలి ప్రమాదకరము. ముల్లు ఎగిరెగిరి పడినచో కేబులు ఎండినదో, మెలిపడినదో చూడవలెను. ఏ భాగము దోషియో తేలకమునుపే ముల్లును వంచి సరిచేయుట అవివేకము.

ఫారడే నడివయస్సునుండి జ్ఞాపకశక్తి తగ్గి మిక్కిలి బాధపడెను. కాని ఆయన తన ప్రయోగములను వరుస సంఖ్యలు వేసి దినచర్యలో వ్రాసికొనుచు వచ్చెను. మరపు వచ్చినపుడు ఆ వ్రాతయే ఆయనకు కొలిచిన మైలు. రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని సైతము నిరాకరించి, 1867వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన హాంప్టన్ కోర్టులో మృతినొందెను.

విద్యార్థులారా, మన జ్ఞాపకమును మన యూహయు ముల్లువంటివే. వానిని అప్పుడప్పుడు కొలిచిన మైలుతో సరిచూచుకొనుట మనకందరకును క్షేమము.