గుండుసూదుల ఊళ్లో ఆదివారపు బడి

మన పాఠశాల పూర్వ విద్యార్థుల్లో చాలామంది పలక పట్టకముందే నోవహు ఓడ కథ, సింహాల గుహలో దానియేలు కథ విన్నారు. విన్నది సండే స్కూల్లో. ఆ కథలు చెప్పిన టీచరమ్మలు మనకు ఇప్పటికీ గుర్తే. కానీ పిల్లలకు ఆదివారం బడి పెట్టే పద్ధతిని దేశమంతా పాకించిన మనిషి గురించి తెలిసినవారు తక్కువ. ఆయన పాస్టరు కాదు, బడిపంతులూ కాదు. ఒక అచ్చాఫీసు యజమాని, పత్రికా సంపాదకుడు. పేరు రాబర్ట్ రెయిక్స్.

రెయిక్స్ 1736లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో పుట్టాడు. ఆయన తండ్రి 1722లో గ్లోస్టర్ జర్నల్ అనే వారపత్రిక స్థాపించారు. 1757లో తండ్రి మరణించడంతో ఇరవై ఏళ్ల వయసులోనే పత్రిక బాధ్యత ఆయన మీద పడింది. ఆయన్ని మొదట కదిలించింది ఊళ్లోని జైలు. చిన్నపాటి అప్పు తీర్చలేనివాళ్లు, దొంగలు అక్కడ ఒకే చోట మగ్గేవారు. వాళ్ల దుస్థితి గురించి పత్రికలో రాశాడు, వాళ్ల కోసం చందాలు పోగుచేశాడు. చదువు వచ్చిన ఖైదీల చేత రానివాళ్లకు చదివి వినిపించే ఏర్పాటు చేశాడు. ఏళ్ల తరబడి ఆ పని చేసినా ఫలితం అంతంతమాత్రమే. ముదిరిన మానును వంచడం కష్టమని అప్పటికి ఆయనకు అర్థమైంది. మొక్కగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలనుకున్నాడు.

గ్లోస్టర్ అప్పట్లో గుండుసూదుల తయారీకి పేరు పొందిన ఊరు. పేదల పిల్లలు వారంలో ఆరు రోజులు ఆ కార్ఖానాల్లోనే పనిచేసేవారు. ఆదివారం సెలవు కావడంతో వీధుల్లో పడి జూదాలు, తిట్లు, కొట్లాటలతో రోజంతా గడిపేవారు. బడికి వెళ్లాలంటే వాళ్లకు మిగిలింది ఆ ఒక్క రోజే. 1780లో రెయిక్స్, స్థానిక చర్చి గురువు థామస్ స్టాక్ కలిసి ఆ ఒక్క రోజునే బడిగా మార్చారు. సూటీ ఆలీ అనే సందులో మెరెడిత్ అనే ఆవిడ ఇంట్లో తరగతులు మొదలయ్యాయి. చదువు చెప్పే ఆడవాళ్లకు ఆదివారానికి ఒక షిల్లింగు చొప్పున ఇచ్చేవారు. పొద్దున పది గంటలకు బడి మొదలయ్యేది. మధ్యాహ్నం చదువయ్యాక పిల్లలను చర్చికి తీసుకెళ్లేవారు. తర్వాత సాయంత్రం దాకా విశ్వాస ప్రశ్నోత్తరాలు వల్లె వేయించేవారు.

చేరడానికి ఫీజు లేదు, మంచి బట్టలు అక్కర్లేదు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని వస్తే చాలు. రెయిక్స్ తన అచ్చాఫీసులోనే వాళ్ల కోసం ఒక చిన్న వాచకం అచ్చువేశాడు. అక్షరాలతో మొదలై బైబిలు మాటల దాకా నడిపించే పుస్తకం అది. చదవడం వచ్చిన పిల్లవాడు ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే పిలుపు విని బయల్దేరిన అబ్రాహాము కథను, రాత్రివేళ పిలుపుకు పలికిన బాల సమూయేలు కథను ఒకరు చెప్పకుండా తనే చదువుకోగలడు.

ఆ బడిలో మెతకదనం ఉండేదని అనుకోకూడదు. ఆ కాలానికి తగ్గట్టే శిక్షలు కఠినంగా ఉండేవి. దెబ్బల భయంతో విధేయత నేర్పడం ఈనాడు మనం ఒప్పుకునే పద్ధతి కాదు. పైగా ఆదివారం బడి ఆలోచన ఆయన ఒక్కడిదే కాదు. హానా బాల్ అనే మహిళ 1769లోనే హై వికూమ్‌లో ఇలాంటి బడి నడిపింది. రెయిక్స్ చేసిన గొప్ప పని, ఆ చిన్న ప్రయత్నాన్ని దేశం దృష్టికి తేవడం. మూడేళ్లు ఓపిక పట్టి, ఫలితం చూశాకే 1783 నవంబరులో తన పత్రికలో ఆ సంగతి ప్రకటించాడు. 1785లో విలియం ఫాక్స్ లండన్‌లో సండే స్కూల్ సొసైటీ స్థాపించాడు. 1831 నాటికి బ్రిటన్‌లో వారం వారం ఈ బడులకు వచ్చే పిల్లలు పన్నెండున్నర లక్షల మంది ఉంటారని అంచనా.

ఎదురుదెబ్బలూ తగిలాయి. పేదవాడికి చదువు వస్తే మాట వినడని, పనివాళ్లు దొరకరని కొందరు పెద్దలు వాదించారు. ఫ్రెంచి విప్లవం తర్వాత ఆ భయం ఇంకా పెరిగింది. వాళ్ల దృష్టిలో విధేయత అంటే నోరు మూసుకుని ఉండడం. ఆదివారపు బడి మాత్రం విధేయత గురించి చెప్పే పుస్తకాన్నే పిల్లవాడి చేతికిచ్చి, చదువుకోమంది. అదే పుస్తకంలో రాజు ఆజ్ఞ కంటే తన దేవుణ్ణే నమ్ముకుని సింహాల గుహలోకి వెళ్లిన దానియేలు కూడా ఉన్నాడు. చదవడం వచ్చినవాడు ఎవరికి, ఎందుకు లోబడాలో తనే ఆలోచించుకుంటాడు. పెద్దల భయానికి అసలు కారణం అదే.

రెయిక్స్ 1802లో పత్రిక పని నుంచి విరమించుకుని, 1811 ఏప్రిల్ 5న గ్లోస్టర్‌లోనే కన్నుమూశాడు. 1880లో లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఆయన విగ్రహం నిలబెట్టారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలతో పాటు ఆదివారపు బడి తెలుగు నేలకూ వచ్చింది.

ఈ స్వర్ణోత్సవ వేళ మన గురువులను తలచుకుంటున్నాం. వాళ్లలో ఆదివారం కూడా విశ్రాంతి తీసుకోకుండా, జీతం ఆశించకుండా, చాప మీద కూర్చోబెట్టి పిల్లలకు కథలు చెప్పినవాళ్లు ఉన్నారు. ఇప్పటికీ చెబుతున్నవాళ్లూ ఉన్నారు. కథ చెప్పడంతో ఆగకుండా, అది రాసి ఉన్న పుటను పిల్లవాడి ముందుకు జరిపి తనచేత చదివించే ప్రతి టీచరూ రెయిక్స్ మొదలుపెట్టిన పనినే కొనసాగిస్తున్నారు.