వట్టికోట ఎవ్వలి కింద పనిచేసిండు?

నేను నాగోల్‌ల ఉంట. మెట్రో స్టేషన్ కాడికెల్లి పది నిమిషాలు నడిస్తే మా రూము. నలుగురం ఉంటం, నలుగురం నల్లగొండ దిక్కోళ్లమే. సామాన్లు ప్యాక్ చేసే గోదాంల పని. జీతం టైముకే పడ్తది, అబద్ధం ఎందుకు చెప్పాలె. కానీ ఏ రోజు పొద్దటి షిఫ్టో, ఏ రోజు రాత్రి షిఫ్టో ఆదివారం రాత్రి వాట్సప్‌ల వచ్చేదాక తెల్వది. మొన్న సద్దుల బతుకమ్మ నాడు నాకు రాత్రి షిఫ్టు పడ్డది. నా బదులు చేస్తనని పక్కోడు ఒప్పుకున్నడు, వానికి ఆ రోజు ఊర్ల పనేం లేదు. మేనేజర్ ఒప్పుకోలె. సిస్టంల మార్చరాదట. మా చెల్లె వీడియో కాల్ చేస్తే ర్యాకుల నడుమ నిలబడి బతుకమ్మను చూసిన.

ఆ రాత్రి సంది నాకు వట్టికోట ఆళ్వారుస్వామి యాదికొస్తున్నడు. ఆయనది మా జిల్లానే. 1915ల నకిరేకల్ దగ్గరి చెర్వుమాదారంల పుట్టిండు. చిన్నగున్నప్పుడే తండ్రి పోయిండు. బడికి పోవాల్సిన వయసుల కంచినేపల్లి సీతారామారావు అనే పంతులు ఇంట్ల వంట చేసిండు. వంట చేసుకుంటనే ఆయన దగ్గర చదువు నేర్చుకున్నడు. తర్వాత విజయవాడ పోయి హోటల్‌ల సర్వర్ అయిండు. హైదరాబాద్ వచ్చి గోలకొండ పత్రికల ప్రూఫులు దిద్దిండు. అంటే మనలెక్కనే, ఒకల కింద పనిచేసుకుంట బతికిన మనిషి.

ఆ కాలంల ఊర్లల్ల వెట్టి ఉండె. కుమ్మరి కుండలియ్యాలె, చాకలి బట్టలుతకాలె, మాదిగ చెప్పులు కుట్టియ్యాలె. దొర కబురంపితే చేతిల పని ఇడిసిపెట్టి ఉరకాలె. పైస రాకపోవుడు ఒక బాధ. దానికంటె పెద్ద బాధ ఇంకోటి ఉండె. ఇయ్యాల నా పొలంల పనుంది, రేపొస్త అని చెప్పే హక్కు లేకుండె. మనిషి చేతులే కాదు, మనిషి దినమే దొరది. ఆళ్వారుస్వామి ఇదంత కండ్లార చూసుకుంట పెరిగిండు. 1955ల అచ్చయిన ఆయన నవల ‘ప్రజల మనిషి’ల దిమ్మెగూడెం అనే ఊరు, రామభూపాలరావు అనే దొర, ఎదురు తిరిగిన కంఠీరవం ఉంటరు. ఎన్నడన్న దొరికితే చదువుండ్రి, మన తాతల ముచ్చటే అది.

1938ల సికింద్రాబాద్‌ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. చేతిల పెద్ద పైసలేం లేవు. ఏ పుస్తకం అచ్చెయ్యాలె, ఎంతకు అమ్మాలె అన్నీ తనే చూసుకున్నడు. పుస్తకాలు మోసుకోని తనే తిరిగి అమ్మిండు. ముప్పైకి పైననే పుస్తకాలు తెచ్చిండు. నిజాం రాజ్యంల తెలుగు పుస్తకం దొరుకుడే కష్టమున్న రోజులవి.

ఇక్కడ నాకొక అనుమానం వచ్చింది. మా మేనేజర్ గూడ ఇదే కదా చెప్పేది, నచ్చకుంటె మానేసి సొంతంగ ఏదన్న పెట్టుకో అని. మరి ఆళ్వారుస్వామి చేసింది అదేనా? కాదు. సొంత పని దొరికినంక ఆయన తన మానాన తను బతకలె. రైల్వే కార్మికులు, రిక్షా తొక్కెటోళ్లు, గుమస్తాల సంఘాలల్ల తిరిగిండు. ఆంధ్ర మహాసభల పనిచేసిండు, కమ్యూనిస్టు అయిండు, జైలుకు పోయిండు. తను ఒక్కడు బయటపడ్డడని, హోటల్‌ల ఇంకా గ్లాసులు కడిగే పోరని దినం వాని చేతికి వస్తదా? ఆ లెక్క ఆయనకు తెలుసు.

నిజామాబాద్ జైల్ల దాశరథి ఆయనతోని ఉండె. ఆ దాశరథే తర్వాత తన ‘అగ్నిధార’ను ఆయనకు అంకితమిచ్చిండు. జైలంటె లేచుడు, తినుడు, పండుడు అన్నీ ఇంకొకడు చెప్పే జాగ. అక్కడ గూడ ఆయన కండ్లు మూసుకోని కూసోలె. తోటి ఖైదీల బతుకులను చూసి ‘జైలు లోపల’ కథలు రాసిండు. ‘గంగు’ అనే ఇంకో నవల షురూ చేసిండు, అది పూర్తికాలె. 1961 ఫిబ్రవరి 5న పోయిండు. 50 ఏండ్లు గూడ నిండలె.

పోయిన వారం మేం గోదాంల ఒక కాయితం రాసినం. జీతం పెంచుమని అడగలె. ఇద్దరికిద్దరు ఒప్పుకుంటె షిఫ్టు మార్చుకోనియ్యాలె, రోస్టర్ వారం ముందుగాల చెప్పాలె, గంతే. పదకొండు మంది సంతకం పెట్టినం. మా రూముల ఒకడు పెట్టలె. వానికి బండి కిస్తులున్నయి, ఐడీ బ్లాక్ చేస్తరని భయం. వాన్ని నేనేం అనలె. వాని భయం నాకు గూడ ఉంది.

చూస్తమన్నరు. ఈ ఆదివారం రాత్రి పదింటికి రోస్టర్ వస్తది. ఫోను ఛార్జింగ్ పెట్టుకోని కూసున్న.