దయామూర్తి బసవేశ్వరుడు

అతిథి గుమ్మమున నిలిచినపుడు దయచేయుడని పిలుతుము. ఒక వస్తువు నడుగునపుడును దయచేయుడనియే అందుము. రాకకును ఈవికిని ఒకే మాట యేల? సంస్కృతమున ‘దయ’ అను ధాతువునకు దానము, గమనము, రక్షణము మొదలగు అర్థములు కలవు. వైయాకరణులు హింసార్థమును గూడ చెప్పిరి గాని లోకము దానిని విడిచినది. వేదభాషలో ఈ ధాతువునకు పంచియిచ్చుట యని అర్థము. కావున దయ యనగా దూరమున నిలిచి జాలిపడుట కాదు; దరికేగి తనకున్నది పంచుట. ఈ అర్థమునకు నిలువెత్తు రూపము బసవేశ్వరుడు.

ఆయన 12వ శతాబ్దమున బాగేవాడియందు మాదరస, మాదలాంబికలకు జన్మించెను. బాల్యముననే ఉపనయనమును నిరాకరించి, కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమునకేగి విద్య నభ్యసించెను. పిమ్మట కలచురి బిజ్జలుని కొలువున చేరి భండారియై, మంత్రియై కల్యాణమున వెలసెను.

అధికారము చేతికందినను ఆయన హృదయము మారలేదు. కాయకముచే ఆర్జింపుమనియు, ఆర్జించినది దాసోహముగా పంచుమనియు బోధించెను. దొంగలు ఆవులను తోలుకొనిపోగా, తల్లులను బాసిన దూడల అరపు విని, వానిని గూడ దొంగలయొద్దకే పంపెనని భక్తులు చెప్పుకొందురు. అల్లమప్రభువు అధ్యక్షుడుగా వెలసిన అనుభవమంటపమున స్త్రీలును, అన్ని వృత్తులవారును సమానముగా కూర్చుండిరి.

ఆ దయకు మూల్యము చెల్లింపవలసి వచ్చినది. చర్మకారుడైన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణుడైన మధువరసు కుమార్తె నిచ్చి వివాహము జరిగెను. రాజు కినిసెను. తండ్రులిరువురును క్రూరదండనమునకు గురియైరి. బసవేశ్వరుడు పదవిని వీడి కూడలసంగమమునకు మరలి, అచటనే లింగైక్యమందెను. ఇది 1167 ప్రాంతమున జరిగినదని పెక్కురు చరిత్రకారుల మతము.

ఆ జీవితమును పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణముగా రచించెను. మన శ్రీ సిటీకి చేరువనున్న శ్రీకాళహస్తిలో శివునకు కన్నిచ్చిన బోయ తిన్నని కథయు అందు కలదు.

నేడు శ్రీ సిటీ కర్మాగారములకు నానాదేశములనుండి శ్రమజీవులు వచ్చుచున్నారు. వారి కులమడుగక, మన యింటి పంక్తిలో చోటిత్తుమా? దయచేయుడని పలుకు నాలుక ఆ మాటకు కట్టుబడునా? ప్రతి శరణుడును తన గుమ్మమున నిలిచి తనకు తానే వేసికొనవలసిన ప్రశ్న యిది.