భీమవరం నుంచి బోస్టన్‌కి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

మనలో చాలామందిమి ఐ-20 పట్టుకుని, రెండు సూట్‌కేసులతో, ఎవరో ఒక సీనియర్ ఎయిర్‌పోర్టుకి కారేసుకొస్తాడన్న ధీమాతో ఈ దేశంలో దిగాం. 1922 అక్టోబర్ 26న బోస్టన్ చేరిన సుబ్బారావు గారికి ఆ ధీమా లేదు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్. రాకుండా ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు పోయారు, తనూ చావు తప్పించుకున్నారు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ వాళ్ళు డబ్బు సాయం చేస్తే ఓడెక్కారు.

హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ సీటైతే దొరికింది గానీ స్కాలర్‌షిప్ లేదు. పగలు క్లాసులు, రాత్రి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో పోర్టరు పని. అంటే రోగుల బెడ్‌పాన్లు కడగడం. ఊళ్ళో డాక్టరు గారనిపించుకోవలసిన మనిషి! క్యాంపస్‌లో గిన్నెలు కడిగిన సంగతి ఇంటికి రాయని మన మిత్రులకి ఇది బాగా అర్థమవుతుంది.

తర్వాత సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి (1925), ఫాస్ఫోక్రియాటిన్ (1927), ఏటీపీ (1929) కనిపెట్టారు. అయినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. ఇది అన్యాయమనే నా అభిప్రాయం. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూకి అదే మందు. బోదకాలుకి హెట్రజాన్ కూడా అక్కడిదే, గోదావరి జిల్లాల వాళ్ళకి ఆ జబ్బు గురించి వేరే చెప్పాలా? ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్‌ కూడా వాళ్ళ చలవే.

వీసా కష్టాలంటారా? 1923లో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. 1946లో చట్టం మారినా ఆయన పౌరసత్వం తీసుకోలేదు. అలాగని ఇండియాకీ తిరిగి వెళ్ళలేదు. ఆయన వచ్చేశాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనేలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, నిద్రలో గుండె ఆగి ఆయన పోయారు. భార్య శేషగిరి గారు 1922 తర్వాత ఆయన్ని మళ్ళీ చూడలేదు.