పరమాణు తపస్వి స్వామి జ్ఞానానంద

మన కోనసీమ నుంచి వశిష్ఠ దాటితే పశ్చిమ గోదావరి. అక్కడ భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగారు జన్మించారు. కలిగిన కుటుంబం. అయినా ఇల్లు వదిలి, హిమాలయాల్లో తపస్సు చేసి స్వామి జ్ఞానానంద అయ్యారు. 1927లో జర్మనీ వెళ్ళారు. ఐన్‌స్టీన్ సిద్ధాంతం ఆయన్ని పట్టేసింది. ముప్పయ్యేళ్ళు దాటిన సన్యాసి భౌతికశాస్త్రంలో ఓనమాలు దిద్దారు!

ప్రాగ్‌లో ఎక్స్-కిరణాలు, ఆ తర్వాత లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ని కనుగొన్న చాడ్విక్ దగ్గర, బీటా కిరణాలు. యుద్ధకాలంలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం చేరారు. స్వాతంత్య్రం వచ్చాక స్వదేశంలో పనిచేస్తూ, 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. 1969లో కన్నుమూశారు. అక్కడి పరిశోధనశాలకి ఆయన పేరే పెట్టుకున్నారు.

ఆయన జీవితం ధారపోసినవి అయనీకరణం చేసే కిరణాలు. ఒక్క ఎక్స్-కిరణ ఫోటాన్‌కి వేల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ని ఊడగొట్టడానికి పది పన్నెండు చాలు. అందుకే అది జీవకణంలోని డీఎన్ఏని తెంపగలదు. సరిగా అతుక్కోకపోతే ఏళ్ళ తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు.

ఆ యుద్ధంలోనే రాడార్ కోసం మైక్రోవేవ్‌లు బలం పుంజుకున్నాయి. నేటి సెల్ టవర్ తరంగాలూ ఆ జాతివే. వంటింటి మైక్రోవేవ్ ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు. గులకరాళ్ళు ఎన్ని విసిరినా కొబ్బరిగెల తెగదు, కత్తివేటు ఒక్కటి చాలు. మైక్రోవేవ్ నీటి అణువుల్ని కదిలించి వేడి పుట్టిస్తుంది. అలాగని ఆటవస్తువు కాదు. మోతాదు మించితే, రక్తనాళాలు లేని కంటి కటకం ఆ వేడికి మసకబారుతుంది. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాల్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. ఎక్స్-కిరణాలు మాత్రం రుజువైన జాబితాలో ఉన్నాయి.

మా తోటగట్టున సెల్ టవర్ లేచినప్పుడు మా నాన్నకి నెల్లాళ్ళు నిద్రలేదు. అదే నాన్న నడుంనొప్పికి, పాత ఫిల్ములు ఇంట్లోనే ఉన్నా, మళ్ళీ మళ్ళీ ఎక్స్‌రే తీయించుకున్నారు. అవసరమైన ఎక్స్‌రే మానమని కాదు, అనవసరంగా వద్దని మాత్రమే. రెంటినీ రేడియేషన్ అనే అంటాం. లోపలి శక్తి వేరు. ఈ తేడా మన ఇళ్ళల్లో చెప్పాల్సింది మనమే. నాన్నకి యాభై దాటాయి. అయితేనేం, స్వామివారు ముప్పై దాటాకే కదా మొదలుపెట్టింది!